నూకరాజుకు కాస్త నేల

ఉదయం ఎనిమిదింటికి పెళ్లినేల పూలు, విస్తళ్లు, పీటలతో సహా కిందికి దిగిపోయింది. తొమ్మిదికి పరీక్షనేల లేవాలి. ఈ రెండింటి నడుమ గంటసేపు స్టేడియం ఖాళీ. లోవకుమారి తన తండ్రి నూకరాజు మంచాన్ని తోసుకుంటూ మైదానం అంచుకు వచ్చింది అప్పుడే. రెండో కొస పక్కగది వీరబాబు పట్టుకున్నాడు.

కాకినాడ తీరాన్ని సముద్రం సగం మింగాక జనానికి మిగిలింది ఈ స్టేడియమే. గ్యాలరీల కింది గదుల్లో కాపురాలు, మైదానంలో నేలమార్పరి అనే మాట్లాడే యంత్రం. ఒక నేల దిగితే మరో నేల లేస్తుంది. బడి, సంత, ఆస్పత్రి, కబడ్డీ, కల్యాణం అన్నీ అక్కడే. మొత్తం రెండువందల పన్నెండు ప్రయోజనాలు. దాని తెలివికి వంక పెట్టలేం. ఒకరి పెళ్లి మీద ఇంకొకరి పరీక్ష ఏనాడూ పడలేదు.

అదంతా రాకముందు నూకరాజు ఇక్కడ ముప్పయ్యారేళ్లు సున్నం గీతలు గీశాడు. పరుగుపందేలకు గీశాడు, క్రికెట్‌కు గీశాడు, జెండా పండగ కవాతుకు గీశాడు. సర్కస్ వాళ్లు చేసిపోయిన గుంటలు పూడ్చాడు, మంత్రుల సభలయ్యాక మేకులు ఏరాడు. తుఫానుకు ఊరంతా వచ్చి పడుకుంటే తడి ఆరేదాకా కాపలా కాశాడు. ఇప్పుడతనికి ఊపిరి అందడం లేదు. నిన్నటి నుంచి ఒకటే మాట.

"మంచం మీద పోనియ్యకే అమ్మా. నేల మీదకి దించు."

పోయే మనిషిని మంచం దించి నేల మీద పడుకోబెట్టడం వాళ్లింట ఆనవాయితీ. లోవకుమారి తల్లినీ అలాగే దించారు. వాళ్ల గదిలో మాత్రం కాళ్ల కింద ఇనుపరేకు.

"పోయే మనిషిని పడుకోబెట్టాలండి. మట్టినేల కావాలి," అంది లోవకుమారి.

"మీరు కోరిన ప్రయోజనం జాబితాలో లేదు," అంది నేలమార్పరి, ఎంతో మర్యాదగా.

"అడుగున అసలు మట్టి ఉంటది కదండీ?"

"అడుగున యంత్రాలు ఉన్నాయి."

"ఆ మట్టి ఎప్పుడో తవ్వేసి సముద్రం గోడకి పోసేశారక్కా," అన్నాడు వీరబాబు. "ఆ గోడే లేదిప్పుడు."

ఆమె జాబితా అంతా గాలించింది. మట్టి ఉన్నది ఒక్క కుస్తీనేలకే. దాన్నే అడిగింది. పద్దెనిమిది నిమిషాలు దొరికాయి.

"మల్లుల పేర్లు చెప్పండి."

తండ్రి పేరు చెప్పి, కాస్త తటపటాయించి తన పేరూ చెప్పింది. గోదాలోకి ఇద్దరికి మించి రాకూడదు. వీరబాబు బయటే ఆగిపోయాడు.

ఎర్రటి మట్టి, చుట్టూ తెల్లటి గీతతో గోదా లేచింది. లోవకుమారి తండ్రిని రెండు చేతులా ఎత్తుకెళ్లి వెల్లకిలా దించింది. మట్టి చేతికి అంటలేదు. రంగేసిన రబ్బరు పొట్టు అది.

"మన గ్రౌండే నాన్నా," అంది.

నూకరాజు అరచేత్తో తడిమి చూశాడు. "తడి లేదేంటే? నీళ్లు కొట్టలేదా?"

"కొడతారు నాన్నా."

అతను మెల్లగా తల తిప్పాడు. "గీత ఎవడు గీశాడు?"

"కొత్తోడు నాన్నా."

"వంకర పోలేదు. బాగా గీశాడు."

ఆ తర్వాత అతని ఛాతీ లేవలేదు.

కదలిక లేకుండా పది సెకన్లు వీపు నేలకు ఆనితే ఓటమి. నేలమార్పరికి తెలిసింది అంతే. పెద్ద బోర్డు వెలిగింది. 'పరాజితుడు: నూకరాజు. విజేత: లోవకుమారి.'

పరీక్షకు వచ్చిన పిల్లలు అప్పటికే మెట్ల మీద వరుస కట్టి ఉన్నారు. బోర్డు వెలిగితే చప్పట్లు కొట్టడం వాళ్లకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. అందరూ కొట్టారు.

"వద్దమ్మా, వద్దు!" అంటూ లోవకుమారి చెయ్యి పైకెత్తింది.

గెలిచినవాళ్లు అలాగే ఎత్తుతారు. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆట ముగిసిందని నమోదు చేసుకుని, నేలమార్పరి గోదాను కిందికి దించడం మొదలుపెట్టింది.