ఎనిమిదో డిస్కు

"డిస్కు స్లో అయింది," అంది సౌభాగ్యమ్మ.

పరమేశ్ మిగతా మాట కోసం ఎదురుచూశాడు. హైదరాబాద్‌లో ఒక మూతపడిన ట్యుటోరియల్ బోర్డు వెనకాల నడిచే రహస్య శాఖకు ఆమె చీఫ్. అతను అందులో పదకొండేళ్లుగా ఏజెంట్. రెండుసార్లు చచ్చి బతికినవాణ్ని పొద్దున్నే పిలిపించి డిస్కు సంగతి చెబితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

"మేడం, డిస్కైతే కంప్యూటర్ షాపోడు చూస్తడు. నేనెందుకు?"

"మెదక్ డిస్కు, పరమేశ్."

అతని ముఖంలో చిరాకు మాయమైంది.

మెదక్ ఊరి చివర ఒక ప్రైవేటు డేటా సెంటర్ ఉంది. అందులో ఒకే ఒక్క షేర్డ్ స్టోరేజీ. పాల డెయిరీ, డెంటల్ కాలేజీ, రైస్ మిల్లర్ల సంఘం, ఇంకో పదిమంది కిరాయిదార్లు తమ సమాచారమంతా అక్కడే దాచుకుంటారు. పది ఇళ్ల బిందెలన్నీ ఒకే బోరింగు దగ్గర పెట్టినట్టు. వాళ్లలో 'చేపల పెంపకం శిక్షణ' అనే పేరుతో ఉన్న కిరాయిదారు మాత్రం సౌభాగ్యమ్మ శాఖే. విదేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న నలభై ఒక్కమంది ఏజెంట్ల అసలు పేర్లు, ఫొటోలు అందులో ఉన్నాయి. చేపల ఫైళ్లు ఏ శత్రువూ తెరవడని ఎవరో పెద్దమనిషి ఇచ్చిన సలహా. వాటిని ఎన్‌క్రిప్ట్ చేయాలన్న ఫైలు రెండేళ్లుగా ఒక సంతకం కోసం తిరుగుతోంది.

ఆ జాబితాలో పదిహేడోవాడు ఇంద్రకరణ్. పరమేశ్‌తో ఒకే గదిలో ఉండి ట్రైనింగ్ పూర్తిచేసినవాడు. ఇప్పుడు ఒక పరాయి రేవులో, లాంతర్ రింగ్ అనే గూఢచారి ముఠాకే వంటవాడిగా పనిచేస్తున్నాడు. జాబితా వాళ్ల చేతికి చిక్కితే ఆ పూట వంట ఉండదు, వంటవాడూ ఉండడు.

"మూడు వారాల సంది స్లో," అంది చీఫ్. "అక్కడ మన శ్రేయ ఉంది, కన్సల్టెంట్ వేషంల. పక్కోళ్ల లోడ్ ఎక్కువై స్లో అయితున్నదని రిపోర్ట్ రాసింది. ఎవరిమీదన్న అనుమానం ఉంటే స్టోరేజీ అడ్మిన్ మమత మీదనేనట."

"మీరు నమ్మిండ్రా?"

"నమ్మితే నిన్నెందుకు పిలుస్త?"

మర్నాడు, శుక్రవారం, పదకొండు గంటలకు డేటా సెంటర్‌లోకి ఒక ఏసీ మెకానిక్ అడుగుపెట్టాడు. ఖాకీ చొక్కా, భుజాన పనిముట్ల సంచి, చెవిలో వినికిడి మిషన్. అది నిజానికి రేడియో. హైదరాబాద్‌లో సౌభాగ్యమ్మ దగ్గినా వినిపిస్తుంది. పైగా చెవిటివాడి ముందు ఎవరూ గొంతు తగ్గించరు.

సర్వర్ల గది గుమ్మంలోనే శ్రేయ ఎదురైంది. నెమలికంఠం రంగు చీర, తలమీదికి ఎత్తిన నల్ల కళ్లద్దాలు, సర్వర్ల వేడిలోనూ చెక్కుచెదరని లిప్‌స్టిక్.

"గాలి ఎటు నుంచి వస్తోంది?"

"టేక్మాల్ దిక్కుకెళ్లి, మేడం."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మమత మీద కన్నేసి ఉంచండి. డిస్కు అలారాలు ఆమె లాగిన్ నుంచే ఆగిపోయాయి. ఇదిగో లాగ్ ప్రింటు, చూసుకోండి." అంతటితో చిరునవ్వు నవ్వి, భోజనానికి బయటికి వెళ్తున్నానని చెప్పి కారెక్కింది. అప్పటికి పన్నెండు కూడా కాలేదు.

పరమేశ్ లాగ్ చూశాడు. అలారాలు ఆపింది మమత లాగిన్, మూడు వారాల కిందట, మధ్యాహ్నం ఒంటిగంటకు. నిజమే.

మమత ఫోన్‌లో డెంటల్ కాలేజీ వాళ్లను బతిమాలుకుంటోంది. "జర ఓపిక పట్టుండ్రి సార్. ఎక్స్‌రే తెరుచుకుంటది, టైం పడ్తది గంతే." మెకానిక్ దగ్గరికి రాగానే ఒక నోట్‌బుక్ గబుక్కున డెస్కు సొరుగులోకి తోసింది. పరమేశ్ అనుమానం అక్కడే ఖాయమైంది.

"ఆ నోట్‌బుక్ ఇటియ్యి, చెల్లె."

"నీకెందుకన్నా?"

అతను ఐడీ కార్డు బల్ల మీద పెట్టాడు. మమత సొరుగు లాగింది. నోట్‌బుక్ తీసి ఇచ్చింది. అందులో దొంగలెక్కలు లేవు. ఏ రోజు, ఏ గంటకు, డిస్కు జవాబివ్వడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చేత్తో రాసుకుంది. మామూలుగా రెండు. మంగళ, శుక్రవారాల్లో పన్నెండున్నర దాటితే తొంభై.

"దాసిపెట్టినవెందుకు?"

"తప్పంత నా మీదికే నూకుతున్నరు సార్. డెయిరీ బ్యాకప్‌తోని స్లో అని శ్రేయ మేడం అంటది. అది తెల్లారకముందే అయిపోతది. గిది మిట్టమధ్యాహ్నం."

"చదువుడు ఎక్కువున్నదా, రాసుడా?"

"రాసుడు. గది గూడ ఒక్క కొత్త డిస్కు మీదనే. ఖరాబైందని మార్చినదాని మీద."

"ఇప్పటిదాంక ఏవేవి ఖరాబైనయ్?"

"ఒకటి, మూడు, ఐదు, ఏడు... పదమూడు దాంక."

దయ్యం పట్టినా ఇంత వరుసగా పట్టదు. మొత్తం పదహారు డిస్కులు, ఎనిమిది జతలు. ఏ సమాచారమైనా జతలోని రెండింటిలోనూ ఉంటుంది. ఒకటి పోతే రెండోదాని నుంచి కొత్త డిస్కులోకి అంతా తిరిగి రాసుకుంటుంది. ఆ రాత సాగినంతసేపూ కిరాయిదార్లందరూ వరుసలో నిలబడాల్సిందే. స్లో అంటే అదే. జతకొకటి చొప్పున ఎనిమిది పోగుచేసినవాడికి స్టోరేజీ మొత్తం చేతికొచ్చినట్టే.

ఇద్దరూ స్టోర్ రూమ్‌కు వెళ్లారు. 'ఖరాబు' అని రాసిన అట్టపెట్టెలో ఏడు డిస్కులున్నాయి. సీరియల్ నంబర్లు ఒక్కటీ రికార్డుతో కలవలేదు. ఎక్కడో కొన్న చిత్తు డిస్కులు. బాగున్న ఏడూ ఎప్పుడో గడప దాటాయి.

"మరి అలారం నీ లాగిన్ నుంచి బందయింది. ఒంటిగంటకు."

"ఒంటిగంటకు నేను తినపోత సార్. 'జర చూస్తుండుండ్రి మేడం' అంటే శ్రేయ మేడం వచ్చి నా సీట్ల కూసుంటది."

"లాక్ చేయకుంటనే పోతవా?"

"మనిషిని కూసోవెట్టి లాక్ చేస్తే ఏమనుకుంటది సార్?"

దేశ రహస్యం మొహమాటం దగ్గర తెగింది.

"శ్రేయ మన మనిషి," అంది చెవిలో సౌభాగ్యమ్మ. గొంతులో మునుపటి ధీమా లేదు.

"మన మనిషి గాబట్టే ఇన్ని దినాలు పట్టింది మేడం."

వాళ్లు తిరిగి వచ్చేసరికి మమత స్క్రీన్ మీద గీత నిటారుగా లేచి ఉంది. రెండు, నలభై, తొంభై. టైం పన్నెండు ముప్పై ఒకటి.

"పదిహేనోది తీసిండ్రు సార్," అంది మమత. అదే ఎనిమిదో జత.

పరమేశ్ గేటు వైపు పరుగు తీశాడు. ఇరవై ఏళ్లుగా ఆ సెంటర్‌లో డిస్కులు మార్చే పని చేస్తున్న ఎల్దుర్తి వెంకట్రాములు టిఫిన్ డబ్బాతో అప్పుడే గేటు దాటుతున్నాడు. రోజూ బయట హోటల్ దగ్గర తింటాడు. డిటెక్టర్ కుయ్యిమంది. స్టీలు డబ్బాకు అది మామూలే. గార్డు దావీదు మూత తీయమని ఏనాడూ అడగలేదు. తినబోయే అన్నం మీద పరాయి కన్ను పడితే దిష్టి తగులుతుందని అతని భయం.

ఉరికొస్తున్న మెకానిక్‌ను చూసి వెంకట్రాములు ఫోన్ తీసి ఏదో నొక్కాడు. పరమేశ్ డబ్బా లాక్కున్నాడు. మూడో గిన్నెలో, పప్పన్నం కింద, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన డిస్కు.

"ఎవరికి మెసేజ్ కొట్టినవ్?"

"శ్రేయ మేడంకు సార్. ఆమె సర్కారు మనిషేనాయె. కార్డు చూపెట్టింది. సీక్రెట్ తనిఖీ అన్నది. ఎవలన్న అడ్డం వస్తే ఒక్క మాటల చెప్పుమన్నది. భయమై కొట్టిన."

పరమేశ్ ఫోన్ చూశాడు. పంపింది ఒకే ఒక్క మాట.

'ఆగం.'

అంతా ఆగమైంది, పని చెడింది, పారిపొమ్మని ఇంతకంటే సూటిగా ఎలా చెప్పాలి? శ్రేయ ఏడు డిస్కులతో మాయమవుతుంది. ఏడు ముక్కలతోనూ చాలా పేర్లు చదవొచ్చు. పదిహేడో పేరు ఏ ముక్కలో ఉందో ఎవరికి తెలుసు? ఇంద్రకరణ్ ఈపాటికి ఎవరికో చేపలు వేయిస్తూ ఉంటాడు. ఆ తలపుకు పరమేశ్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

ఫోన్ మోగింది. శ్రేయ జవాబు.

'శభాష్. మేమూ ఆగం. రాందాస్ చౌరస్తాకి వచ్చేయ్. ఒంటిగంటకు కారు బయలుదేరుతుంది.'

పరమేశ్ రెండుసార్లు చదివాడు. తర్వాత అంతటి కంగారులోనూ పకపకా నవ్వాడు. డబ్బాను వెంకట్రాములు చేతికే తిరిగి ఇచ్చాడు.

పన్నెండు యాభై ఎనిమిదికి వెంకట్రాములు స్కూటర్ చౌరస్తాలో ఆగింది. వెనక సీటు మీద ఏసీ మెకానిక్ లేడు. రోడ్డవతల తెల్ల కారు ఇంజన్ నడుస్తోంది. లోపల విత్తనాల వ్యాపారి వేషంలో లాంతర్ రింగ్ కొరియర్. శ్రేయ ఏడు డిస్కుల సంచీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. టిఫిన్ డబ్బా అందుకుని మూడో గిన్నె తెరిచింది. డిస్కు ఉంది. తృప్తిగా నవ్వి, డబ్బానూ సంచీనీ కిటికీలోంచి లోపలికి అందించసాగింది.

అప్పుడే డేటా సెంటర్ నీళ్ల ట్యాంకర్ అడ్డంగా వచ్చి కారు ముందు ఆగింది. స్టీరింగ్ దగ్గర దావీదు. కారు వెనక్కి తిరగబోతే అక్కడ పోలీసు జీపు. ట్యాంకర్ మీదినుంచి దూకిన పరమేశ్ సంచీ పట్టీ అందుకున్నాడు. అవతలి కొస కొరియర్ వేళ్లలో ఉంది. ఒక్క గుంజుతో సంచీ ఇటు వచ్చింది. కొరియర్ చేతిలో పప్పన్నం మిగిలింది.

"ఏడూ ఉన్నయ్ మేడం," అన్నాడు పరమేశ్ రేడియోలో. "డబ్బాలది ఎనిమిది."

"ఇంద్రకరణ్‌కు చెప్త," అంది సౌభాగ్యమ్మ.

శ్రేయ చేతులకు బేడీలు పడ్డాయి. ఆమె ఒక్కసారి కూడా తల దించుకోలేదు. వెంకట్రాములు వైపు చూసి పళ్లు కొరికింది.

"మోసగాడా. ఆగం అన్నావుగా? ఆగేది లేదనేగా అర్థం?"

"మీ దిక్కు గంతే గావొచ్చు మేడం," అన్నాడు పరమేశ్ జీపు తలుపు తీస్తూ. "మా మెదక్‌ల ఆగమంటే గిదే. ఎక్కుండ్రి."