నేల ఎత్తు

కర్టెన్ బెత్తెడు పొడుగైంది. పై అంతస్తులోని కొత్త బాత్రూములో, స్నానం చేసే మూలకు అడ్డంగా దాన్ని వేలాడదీసి చూసిన ఇల్లాలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. ఊళ్లో సగం కిటికీలకు ఆవిడ కుట్టిన కర్టెన్లే వేలాడుతున్నాయి. ఒక్కటంటే ఒక్కటి పొట్టిదైందనో పొడుగైందనో వెనక్కి రాలేదు. అలాంటిది సొంత కూతురి కోసం, ఏరి కోరి గుడ్డ తెచ్చి కుట్టింది మాత్రం ఇలా నేల మీద పొర్లుతోంది!

"వయసైపోతోంది తల్లీ నీకు" అని తనను తనే తిట్టుకుంటూ, అంచు లోపలికి మడిచి గుండుసూదులు గుచ్చింది. తీరిగ్గా విప్పి కుట్టే వేళ కాదది. మునిసిపల్ ఆఫీసు నుంచి తనిఖీకి మనిషి వచ్చే వేళయింది. పై వాటాలో మనుషులు కాపురం ఉండవచ్చని ఆ మనిషి రాసిస్తేనే కూతురూ అల్లుడూ సామాను దించుకోవాలి.

కింద నుంచి భర్త కేక వినిపించింది. "ఏమేవ్! పైన అద్దాలు తుడుస్తున్నావా, అరగదీస్తున్నావా? కాఫీ ఇచ్చే ఉద్దేశం ఉందా లేదా?"

"చేతులున్నాయిగా, కలుపుకోండి! ఓసారి పైకొచ్చి ఎలా ఉందో చూడొచ్చుగా?"

"నా మోకాలు మెట్లెక్కనంటోంది."

మోకాలు కాదు, మనసు ఎక్కనంటోందని ఆవిడకు తెలుసు. పెద్దాయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఎదుటివాళ్లు తొక్కకముందే బ్రేకు తొక్కడం అలవాటైన మనిషి, ఇంట్లోనూ అంతే. రెండేళ్ల కిందట కూతురు తను ఇష్టపడిన కుర్రాణ్ణి తీసుకొస్తానన్నప్పుడూ అలాగే తొక్కాడు. ఫొటో చూసి "వీడు మనిషా, నిచ్చెనా?" అన్నాడు. అక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకునేవారు. ఆగలేదు. "నా గుమ్మంలో అడుగు పెట్టాలంటే తల వంచుకుని రమ్మను!" అన్నాడు. పెళ్లికొడుకు నిటారుగానే నడిచి వెళ్లి వేరే చోట ఆమెను పెళ్లి చేసుకున్నాడు. కూతురు మళ్లీ ఈ గడప తొక్కలేదు.

రెండేళ్లూ ఆవిడ కూతుర్ని దొంగతనంగా చూసినట్టు బట్టల కొట్లలోనూ పార్కుల్లోనూ చూసుకుంది. ఈమధ్య అల్లుడికి ఈ ఊరి ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగానికి బదిలీ అయింది. ఇల్లు వెతుక్కుంటున్నారని ఆవిడ భోజనాల దగ్గర చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, పెద్దాయన కంచంలోంచి తలెత్తకుండా, "పైన ఖాళీగానే ఉందిగా, ఉండమను. బాత్రూమొకటి కట్టిద్దాం" అన్నాడు. ఆ పూట ఆవిడకు అన్నం సహించలేదు, సంతోషంతో.

తనిఖీకి వచ్చింది ఓ చిన్నవయసు అమ్మాయి. చేతిలో ఎర్రచుక్క వేసే కొలత యంత్రం. తలుపు చూసింది, గాలి పోయే దారి చూసింది, కొళాయి తిప్పింది. అన్నీ బాగున్నాయంటుంటే ఇల్లాలికి ఏనుగెక్కినంత సంబరం. చివరికి ఆ పిల్ల కర్టెన్ పక్కకు జరిపి, యంత్రాన్ని నేల మీద పెట్టి చుక్కను పైకప్పు మీదికి వేసింది. మళ్లీ వేసింది. మూడోసారి జేబులోంచి మామూలు టేపు తీసింది.

"అమ్మా, ఇక్కడ ఎత్తు సరిపోలేదండీ."

"అదేంటమ్మా! అన్నీ కొలుచుకునే కట్టించాం."

"స్నానం చేసే చోట నేల నుంచి పైకప్పుకు ఆరడుగుల ఎనిమిది అంగుళాలకు తక్కువ కాకుండా ఉండాలండీ. మీ ప్లానులో అలాగే ఉంది. ఇక్కడ చూస్తే నాలుగు అంగుళాలు తక్కువొచ్చింది. ఇది సరిచేసేదాకా నేను ఒప్పుకోకూడదు."

సరిగ్గా అప్పుడే వీధిలో వ్యాను ఆగిన చప్పుడు. మెట్ల మీద దడదడా అడుగులు. "అమ్మా!" అంటూ కూతురు వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. "ఏదీ, నా బాత్రూమేదీ?"

"ఉండు బుల్లీ, ముందు కింద..."

"కింద తర్వాత కూర్చుందాం. ఏమండీ, మీరూ రండి!"

వెనకాలే వచ్చిన అల్లుడు అత్తగారికి దణ్ణం పెట్టి, నవ్వుతూ బాత్రూములోకి అడుగేశాడు. తల పైకప్పుకు తగిలి ఠపీమని చప్పుడైంది. నుదురు పట్టుకుని, మెడ వంచుకుని, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నిటారుగా లేవడానికి అక్కడ చోటు లేదు.

తనిఖీ పిల్ల బెదిరిపోయి "చూసుకోండి సార్" అంది. కాగితం మీద ఏదో రాసి, బాగుచేయించాక మళ్లీ కబురు చేయమని చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

కూతురు మొగుడి మెడ వంక చూస్తోంది. ఆ మొహంలోని నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

చప్పుడు విని పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. "ఏమైంది? ఏంటా శబ్దం?"

"రండి నాన్నా, కళ్లారా చూసుకోండి" అంది కూతురు. "మీ పంతం నెగ్గింది. తల వంచుకునే వచ్చాడు."

"ఏమంటున్నావే?"

"ఏమంటానూ! ఆ రోజు మీరన్నదే అంటున్నా. నోటితో అంటే వినలేదని సిమెంటుతో కట్టించారు. రోజూ పొద్దున్నే నా మొగుడు మీ ఇంట్లో మెడలు వంచుకుని స్నానం చేయాలి, అంతేగా?"

"బుల్లీ, ఆగు" అన్నాడు అల్లుడు. "పొరపాటున జరిగుంటుంది."

"మీరూరుకోండి! కాగితం మీద సరిగ్గా ఉన్న ఎత్తు గదిలోకొచ్చేసరికి తగ్గుతుందా? మేస్త్రీతో రోజూ గేటు దగ్గర మాట్లాడింది ఈయనేగా. అమ్మే చెప్పింది ఫోన్లో, మీ నాన్న ఎంత శ్రద్ధగా మాట్లాడుతున్నారో అని. ఇదన్నమాట ఆ శ్రద్ధ!"

పెద్దాయన నోరు తెరిచాడు. ఏ మాటకైనా రెండు మాటలు తిప్పికొట్టే మనిషి, ఆ పూట కూతురికి జవాబు చెప్పకుండా భార్య వైపు చూశాడు. నువ్వు చెప్పు, నేనలాంటి పని చేస్తానా అని అడుగుతున్న చూపది.

ఆవిడ కళ్లు దించుకుంది. కావాలని దించుకోలేదు. కానీ ఆ ఒక్క క్షణం, చేసే ఉంటాడేమో అనిపించింది. ఆ సంగతి ఆయనకు అర్థమైపోయింది.

"సరే" అన్నాడాయన. "మీ ఇష్టం. ఏమనుకుంటారో అనుకోండి." గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"సామాను దించొద్దని చెప్పండి వ్యాను అతనికి" అంది కూతురు. "అమ్మా, నువ్వు ఏడవకు. మనం మళ్లీ పార్కులోనే కలుసుకుందాం. ఇక ఇక్కడికి మాత్రం పిలవద్దు."

ఆవిడ గబగబా వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఒక్క పది నిమిషాలు ఆగవే. నా మీద ఒట్టు. మేస్త్రీని పిలుస్తాను, అడుగుదాం. ఆ తర్వాత నీ ఇష్టం." మేస్త్రీ పక్క వీధిలోనే పనిలో ఉన్నాడు. "వస్తున్నా అక్కా" అన్నాడు ఫోన్లో.

ఈలోగా ఆవిడ పెరట్లోకి పరిగెత్తింది. పెద్దాయన డ్రైవింగ్ స్కూలు కారులో కూర్చుని ఉన్నాడు, నేర్పేవాడి సీట్లో, రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని. ఆవిడ అటు తిరిగి వచ్చి నేర్చుకునేవాళ్ల సీట్లో కూర్చుంది.

"నిజం చెప్పండి. మేస్త్రీతో ఏమన్నారు?"

"నువ్వూనా?"

"నన్ను తినేయకండి. చెప్పండి."

"మూడు పూతలు రంగు వేయమన్నాను. జారని టైల్స్ వేయమన్నాను. పిల్ల చిన్నప్పుడు బాత్రూములో జారి మోచెయ్యి విరగ్గొట్టుకుంది, గుర్తుందా? అదే చెప్పాను రోజూ." ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "నీకూ అనుమానమే అన్నమాట. ఇన్నేళ్లు కలిసి బతికి, నా గురించి నీకు తెలిసింది ఇదేనా?"

"ఆ మాటన్నది మీరేగా మరి? ఆ నోటితోనే అన్నారుగా?" ఆవిడకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. "రెండేళ్లు పిల్లను దూరం చేశారు. నాకు అనుమానం రాక చస్తుందా?"

ఆయన కాలు బ్రేకు మీంచి తీశాడు.

మేస్త్రీ సిమెంటు చేతులతోనే వచ్చాడు. అందరూ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. సంగతి వినగానే మనిషి ఒంటికాలి మీద లేచాడు. "నేలా? నాలుగు అంగుళాలు లేపాను, నిజమే! ఊరికే లేపానా? మీరు చెబితేనేగా!"

"ఎవరు చెప్పారు?" అన్నారు తల్లీ కూతుళ్లు ఒక్కసారే. కూతురి చూపు తండ్రి మీదే ఉంది.

"ఇంకెవరు, అక్కే! నువ్వే కదక్కా ఫోన్లో మాట పంపావు?"

"నేనా! నాకేం పిచ్చా?"

మేస్త్రీ మాటలతో పెట్టుకోలేదు. ఫోను తీసి, చొక్కాకు వేలు తుడుచుకుని, వెతికి నొక్కాడు. ఆవిడ గొంతే ఖంగుమని వినిపించింది. "తమ్ముడూ! పైన బాత్రూము నేల ఎత్తు..." వెంటనే "అయ్యయ్యో, పాలు!" అన్న కేక, గిన్నె చప్పుడు. అంతే, అయిపోయింది.

"విన్నారుగా? నేల ఎత్తు అంది. ఎత్తాను. నీళ్లు నిలవకుండా వాలు కోసం కాబోలనుకున్నాను. సరే అక్కా అని జవాబు కూడా పెట్టాను. కప్పు కొలత సంగతి నాకెవరూ చెప్పలేదు బావగారూ. నాకేం పగ?"

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. "ఎత్తమని కాదు నాయనా! నేల ఎత్తు ఎంతొస్తుందో చెప్పమని! కర్టెన్ ఎంత పొడుగు కత్తిరించాలా అని అడగబోయాను. పాలు పొంగిపోతుంటే పరిగెత్తాను. నువ్వు సరే అన్నావు కదా, ప్లాను ప్రకారమే ఉంటుందిలే అని కత్తిరించేశాను." ఆవిడ మెట్టు మీద కూలబడింది. "పొద్దున కర్టెన్ బెత్తెడు పొడుగైంది. గుడ్డను తిట్టాను, నన్ను తిట్టుకున్నాను. నేల వంక మాత్రం చూడలేదే, నా బుద్ధి మండిపోనూ!"

ముందు అల్లుడు నవ్వాడు. నవ్వకూడదనుకుని, ఆపుకోలేక నవ్వాడు. మేస్త్రీ కూడా మీసాల చాటున నవ్వాడు. కూతురు నవ్వలేదు. మొహం ఎర్రబడిపోయి, తండ్రి ఎదుటికి వెళ్లి నిలబడింది.

"నాన్నా... నేను నోటికొచ్చినట్టు అనేశాను."

ఇప్పుడు ఆయన వంతు. కూతురూ భార్యా తనను అనుమానించారు, ఇద్దరిదీ తప్పని తేలింది. ఇలాంటి అవకాశం దొరికితే పెద్దాయన ఏడాది పాటు వాయించి వదిలిపెడతాడు. ఇక మొదలవుతుందని ఇల్లాలు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు నమ్మడంలో తప్పేం లేదమ్మా" అన్నాడాయన. "మీ అమ్మ నమ్మడంలోనూ లేదు. నేల సంగతి తేలింది. నా మాట సంగతే తేలలేదు." ఆయన అల్లుడి వైపు తిరిగాడు. తలెత్తి చూడాల్సి వచ్చింది. "బాబూ, ఈ నాలుగు అంగుళాలకు పాలు పొంగాయి, మాట సగంలో తెగింది, మేస్త్రీ పొరబడ్డాడు. ఆ రోజు నేనన్నదానికి అలాంటివేమీ లేవు. పూర్తిగా అన్నాను. తెలిసే అన్నాను. నిన్ను కించపరచాలనే అన్నాను. తప్పు నాది. రెండేళ్ల నుంచి చెప్పాలనుకుంటూ, నోరు రాక, బాత్రూము కట్టిస్తే సరిపోతుందనుకున్నాను."

గుమ్మం దగ్గర వ్యాను అతను, సామాను దించాలా వద్దా అన్నట్టు నిలబడి చూస్తున్నాడు.

"ఆ మాట నాకంటే బుల్లికి ఎక్కువ తగిలింది మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. "రాత్రిళ్లు నిద్రలో నాన్నా అనేది. లేపితే ఏమీ లేదనేది."

పెద్దాయన మొహం కందిపోయింది. కూతురు "మీరూరుకోండి" అనబోయి, అనలేక, తండ్రి భుజం మీద వాలి భోరుమంది. ఆయన ఆ వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ "ఏమేవ్, మంచినీళ్లు తే, పిల్లకి వెక్కిళ్లు వస్తున్నాయి" అన్నాడు.

మేస్త్రీ మెల్లగా దగ్గాడు. "రేపే పగలగొట్టేస్తానక్కా. వారంలో సరిచేస్తాను. కానీ అందాకా పైన ఉండకూడదన్నారుగా మరి?"

"పైనెందుకు? కింద మా గది ఉంది" అన్నాడు పెద్దాయన. "మేమిద్దరం హాల్లో పడుకుంటాం. ఏవయ్యా వ్యాను అబ్బాయ్, చూస్తావేంటి, ఆ పెట్టెలు దించు!"

ఇల్లాలు మంచినీళ్లు తెచ్చి కూతురికి ఇచ్చింది. అందరూ పెట్టెల హడావిడిలో పడ్డాక, భర్త పక్కకు వచ్చి నిలబడింది. "నేను కళ్లు దించుకోకుండా ఉండాల్సింది" అంది. "మీరు నా వైపు చూశారు. మా ఆయన అలాంటి పని చెయ్యడని నేను చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

"నువ్వు నమ్మకంగా చెప్పేలా నేను బతికానా ఏంటి?" అన్నాడాయన. "పోనీలే. ఇకనుంచైనా చెబుదువుగాని." అని వెళ్లి, అల్లుడు మోస్తున్న పెద్ద పెట్టెకు రెండో చివర పట్టుకున్నాడు. ఇల్లాలు గుమ్మానికి ఆనుకుని, వాళ్లిద్దరూ ఒకే పెట్టెను మోసుకుంటూ ఇంట్లోకి రావడం చూస్తూ, ఎవరికీ కనపడకుండా దాచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చేసింది.