పట్టీ లేని పాఠం

ఖమ్మంలోని ఒక హైస్కూల్లో, ఎనిమిదో తరగతి పిల్లలు నలభై రెండు మంది నుదుటికి నీలం పట్టీలు పెట్టుకుని కూర్చున్నారు. బోర్డు పక్కనున్న స్క్రీన్ మీద ఒక్కో పేరు ఎదుట ఒక్కో గీత లేస్తూ పడుతూ ఉంది. బయాలజీ చెప్పే సువర్చల టీచర్ పాఠం చెబుతూనే ఓరకంట ఆ గీతల్ని చూస్తోంది. పట్టీని కనిపెట్టిన డాక్టర్ పురందర్ వెనక బెంచీ దగ్గర నిలబడి తల్లిదండ్రులకు దాని సంగతి వివరిస్తున్నాడు.

మనిషికి ఒక విషయం మొదటిసారి అర్థమైన క్షణాన మెదడులో ఒక ప్రత్యేకమైన సిగ్నల్ పుడుతుంది. అర సెకను కూడా నిలవదు. బట్టీ పడితే అది పుట్టదు, తెలిసిందే మళ్లీ వింటే పుట్టదు. పట్టీలోని సెన్సర్లు ఆ మెరుపుల్ని పట్టుకుని లెక్కపెడతాయి. వారంలో ఎన్ని మెరుపులు మెరిస్తే పిల్లవాడు అంత ఎదిగినట్టు. శనివారం సాయంత్రానికల్లా ఆ అంకె ఇంటికి, ఫోన్‌కి వెళ్లిపోతుంది. ఇక పరీక్షలుండవు, ర్యాంకులుండవు, కాపీ కొట్టడానికి ఏమీ ఉండదు.

ఈ పట్టీ కావాలని స్కూల్ కమిటీలో గట్టిగా మాట్లాడింది సువర్చలే. పంతొమ్మిదేళ్లు జవాబుపత్రాలు దిద్ది ఆమెకు రోత పుట్టింది. గైడులో ఉన్నది ఉన్నట్టు దింపేసి, చివర్న 'పటం కొరకు పక్క పేజీ చూడుము' అన్న ముక్కను కూడా వదలకుండా రాసిన పిల్లలకు ఆమె మార్కులు వేయాల్సి వచ్చింది. ఇన్నాళ్లకి అసలు చదువును కొలిచే వస్తువొకటి వచ్చిందని సంబరపడింది.

ఆ సంబరం ఏడాది కూడా నిలవలేదు.

క్లాసులో షాహీన అనే అమ్మాయి ఉంది. వాళ్ల నాన్న ఖాజా బస్ డిపోలో మెకానిక్. ఆ పిల్ల పుస్తకం చేతికొచ్చిన వారానికే చివరి పేజీ దాకా చదివేసే రకం. క్లాసులో టీచర్ చెప్పేదంతా ఆమెకు ముందే తెలుసు కాబట్టి ఆమె గీత లేచేది కాదు. వారం వారం 'ఎదుగుదల స్వల్పం' అని ఖాజా ఫోన్‌కి వచ్చేది. ఏమీ తెలియకుండా వచ్చి కూర్చున్నవాళ్ల గీతలు మాత్రం తాడిచెట్టంత లేచేవి.

ఈ కిటుకు ఊరికి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆ వేసవిలో వీధి వీధికీ క్యాంపులు వెలిశాయి. పిల్లల్ని అక్షరం ముట్టనివ్వబోమని, జూన్‌లో ఏమీ తెలియని బుర్రతో అప్పగిస్తామని ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో సీట్లకోసం తల్లిదండ్రులు క్యూ కట్టారు. హెడ్‌మాస్టర్ కూడా సువర్చలను పిలిచి, పాఠంలో ఏ విషయాన్నీ ముందుగా ప్రస్తావించవద్దనీ, చెప్పింది మళ్లీ చెప్పి పీరియడ్ పాడుచేయవద్దనీ సూచించాడు. ఆమెకు ఆ గదిలో కూర్చోవడానికే వెగటు పుట్టింది.

జూన్‌లో ఖాజా వచ్చాడు. ఇంట్లో పుస్తకాలన్నీ మూటకట్టి డిపోలో దాచానని చెప్పాడు. అలా చెప్పేటప్పుడు ఆయన తలెత్తలేదు.

"మీ మాటంటే దానికి గురి, టీచరమ్మా. చదవొద్దని మీరే ఒక మాట చెప్పండి."

ఆ మాట ఆమె చెప్పలేదు. డాక్టర్ పురందర్‌కి ఉత్తరం రాసింది. ఆయన మంచివాడే, వారంలోనే వచ్చాడు. మధ్యాహ్నమంతా కూర్చుని పట్టీలను ఒక్కొక్కటిగా పరీక్షించి, మిషన్‌లో దోషమేమీ లేదని తేల్చాడు. అప్పుడు సువర్చల షాహీనను పిలిపించి, ఇంటి దగ్గర ఏం చేస్తున్నావో సార్‌కి చెప్పమంది.

పుస్తకాలు లేవు కదా అని ఊరుకున్నా, ఒక్కోసారి బుర్రలో ప్రశ్నలు వాటంతట అవే వస్తాయంది షాహీన. అప్పుడు పదిహేడో ఎక్కం గట్టిగా చదువుకుంటానంది, జవాబు తట్టకుండా.

"ఎందుకమ్మా?" అన్నాడు డాక్టర్.

"పట్టీ లేనప్పుడు అర్థమైతే వృథా కదా సార్."

సువర్చల లేచి ఆయన్ను, ఇప్పుడు తొమ్మిదికొచ్చిన ఆ క్లాసుకు తీసుకెళ్లింది. పట్టీలు తీసి బల్ల మీద పెట్టమని పిల్లలకు చెప్పి, గుండెలో రక్తం వెనక్కి పోకుండా కవాటాలు ఎలా మూసుకుంటాయో చెప్పడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలైనా పూర్తి కాలేదు, ముందు బెంచీలో ఒకడు చెవులు మూసుకున్నాడు. ఆ పక్కవాడు మూసుకున్నాడు. చూస్తుండగానే నలభై రెండు మంది చెవులు మూసుకుని, పాఠం ఆపమన్నట్టు ఆమెకేసి దీనంగా చూశారు. అందులో అల్లరి లేదు. షాహీన అయితే కళ్లు కూడా మూసుకుంది.

సువర్చల ఆపేసింది. కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది.

"ఇది ఘోరం మేడమ్," అన్నాడు డాక్టర్. "నాదే పొరపాటు. సరిచేసే పూచీ నాది."

ఆ గొంతులో నిజాయితీ ఉంది. సువర్చల నమ్మింది.

అన్నట్టుగానే ఆయన సరిచేశాడు. దసరా సెలవులకు ముందే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇక మీదట పట్టీ ఇంటి దగ్గర కూడా, అన్నం తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ కూడా ఉండాలి. ఎప్పుడు ఏది అర్థమైనా లెక్కలోకి వస్తుంది, ఏదీ వృథా పోదు. ఖాజా పుస్తకాల మూట ఇంటికి తెచ్చేశాడు. ఊళ్లో అందరూ డాక్టర్‌ను మెచ్చుకున్నారు.

కొత్త పట్టీలు పంచిన రోజు షాహీన అందరికంటే ముందు వచ్చింది. ఆ పిల్ల ముఖం అంత వెలగడం సువర్చల ఏడాదిగా చూడలేదు.

"ఇప్పుడు ఇంట్లో కూడా ఆలోచించుకోవచ్చు టీచర్," అంది. వెనక్కి తిరిగి జడ పక్కకు తీసింది. "కాస్త బిగించరా? వదులైతే లెక్కకు రాదట."

సువర్చల బిగించింది.