ఆదివారం వచ్చే అతిథి

"మామిడికుదురు దగ్గర గ్యాస్ వాల్వ్‌కి విదేశీ ముఠా టైంబాంబు పెట్టింది, సతీష్. దాన్ని ఆపే కోడ్ నీకు పంపాను. ఆ ఫైలు నీ ఇంటి కంప్యూటర్లోనే తెరుచుకుంటుంది. అదీ కొత్త ఓఎస్ ఉంటేనే. ఐదింటిలోపు చదివి చెప్పాలి."

చీఫ్ ఫోన్ లైన్లోనే ఉండిపోయాడు.

అమలాపురంలో కొబ్బరి వ్యాపారి వేషంలో బతుకుతున్న ఏజెంట్ నాగసతీష్‌కి పిస్టల్ విప్పి బిగించడం మంచినీళ్లప్రాయం. అప్‌గ్రేడ్ మాత్రం కొరుకుడు పడలేదు. సగం దాకా వెళ్లి, 'మార్పులు రద్దు చేస్తున్నాం' అంటూ మొదటికొచ్చింది. డిస్కులో చోటు ఖాళీ చేశాడు. యాంటీవైరస్ ఆపాడు. మళ్లీ అదే పాట.

సాయానికి పిలుద్దామంటే ఎవరున్నారు గనక? మారువేషంలో ఉన్నవాడు ఎవరినీ గడప తొక్కనివ్వకూడదు. ఒక్క సరోజినికే మినహాయింపు. బ్యూటీపార్లర్ నడుపుతూ డిపార్ట్‌మెంట్‌కి రహస్యాలు చేరవేసే అందగత్తె. ప్రతి ఆదివారం వచ్చేది. వచ్చినవాళ్లని కాఫీ ఇవ్వకుండా పంపితే కోనసీమలో పరువు తక్కువ గనక, అతను వంటింట్లోకి వెళ్లేవాడు. ఆ కాసేపటి కోసమే వారమంతా బతికేవాడంటే అబద్ధం కాదు.

అవసరం లేనివన్నీ పీకి చూడమన్నాడు చీఫ్. ప్రింటర్ పీకాడు, పెన్‌డ్రైవ్ పీకాడు. సీపీయూ వెనక చెయ్యి పెడితే గోరంత డివైస్ తగిలింది. అది అతనిది కాదు. ఇక్కడి ప్రతి అక్షరాన్నీ శత్రువులకి చేరవేసే ట్రాన్స్‌మిటర్. ఈ గదిలో ఒంటరిగా కూర్చున్నది సరోజిని ఒక్కతే, తను కాఫీ కలుపుతున్నప్పుడు. నాగసతీష్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

డివైస్ తీసేశాక అప్‌గ్రేడ్ నల్లేరు మీద బండిలా సాగింది. తొంభై శాతం దగ్గర ఉండగా తలుపు తెరుచుకుంది. ట్రాన్స్‌మిటర్ మూగబోవడంతో సరోజిని వచ్చేసింది, చేతిలో పిస్టల్‌తో.

"ఆపేయండి, సతీష్‌గారూ."

"ఇన్ని ఆదివారాలూ దీనికోసమేనా అండీ వచ్చేరు?"

"మొదటి వారమే పెట్టేసేనండీ. తర్వాత రావలసిన పనే లేదు. అయినా వచ్చేను."

ఫైలు తెరుచుకుంది. అతను కోడ్ గట్టిగా చదివాడు. ఆమె ట్రిగ్గర్ నొక్కలేదు. ఒక్క సెకను మిగిలుండగా బాంబు ఆగిపోయిందని చీఫ్ చెప్పాడు.

పోలీసులు ఆమెను తీసుకెళ్లాక ఇల్లు బావురుమంది. సెటప్‌లో ఒక్క ప్రశ్న మిగిలిపోయినట్టుంది, కొత్త ఓఎస్ మర్యాదగా అడిగింది: 'ఈ కంప్యూటర్‌ని ఇంకెవరైనా వాడతారా?'

నాగసతీష్ 'లేదు' నొక్కాడు.