అవ్వ పాలబిందె ఎవరు మోస్తారు?

లంచ్ బెల్ మోగింది. లితియా తన డబ్బా మూత తీసి పెట్టి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

డబ్బాలో పలుసామి ఉంది. అది ఆ దీవివాళ్ళ వంటకం, కొబ్బరిపాలు పోసి, చేమాకులో చుట్టి ఉడికించిన పొట్లం. ఆ వాసనకి పక్కనే కూర్చున్న షల్వీనికి నోరూరింది. ఇంట్లో అవ్వ కూడా చేస్తుంది, ఉత్త ఆకూ కొబ్బరిపాలతోనే. స్నేహితురాలి డబ్బాలో చెయ్యి పెట్టడం దానికి కొత్తేమీ కాదు. పెద్ద ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

లితియా తిరిగొచ్చి అలాగే నిలబడిపోయింది.

"తినేశావా? అందులో టిన్ను చేప కలిపారే. నీకు వ్రతం కదా."

"ముందే చెప్పొచ్చుగా."

"నువ్వు అడిగితే కదా చెప్పేది."

షల్వీని కుళాయి దగ్గరికి పరుగెత్తి నోరు పుక్కిలించింది. తెల్లారితే మురుగన్ గుడిలో కావడి పండుగ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అవ్వ నది ఒడ్డు నుంచి గుడి దాకా పాలబిందె మోస్తోంది. ఆ బిందె ఏ ఒక్క ఏడూ ఇంట్లో ఉండిపోలేదు. ఈసారి అవ్వకి మోకాళ్ళ నొప్పులు. అందుకే పదకొండేళ్ళ షల్వీనికి మోసే వంతు వచ్చింది. పది రోజులు చేప, మాంసం, గుడ్డు ముట్టకూడదు.

నిజం చెప్పాలంటే, ఈ పది రోజులూ షల్వీనితో వేగడం అందరికీ కష్టమే అయింది. తన వ్రతం సంగతి బస్సు డ్రైవరుకి కూడా చెప్పింది. మూడో రోజున చెల్లెలు రేష్మీ పక్కింటి పుట్టినరోజులో కేకు తింటే, అందులో గుడ్డుందని పరుగెత్తుకెళ్ళి అవ్వకి చెప్పింది కూడా తనే. రేష్మీ మోయాల్సిన చిన్న చెంబుని అవ్వ అటక మీద పెట్టేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల కళ్ళు వాచేలా ఏడ్చింది. "వ్రతమంటే ఆటలనుకున్నావా?" అని షల్వీని దాన్ని ఇంకా దెప్పింది.

సాయంత్రం వరండాలో అవ్వ చింతపండుతో బిందె తోముతోంది. పక్కనే కూర్చుని రేష్మీ నీళ్ళు అందిస్తోంది.

"రా అమ్మడూ, నెత్తిన పెట్టి చూద్దాం. మీ అమ్మ చీరొకటి చిన్నది చేసి కుట్టింది కూడాను."

షల్వీని కదల్లేదు. ఎవరికీ తెలీదు. లితియా ఎవరితోనూ అనదు. చెప్పేస్తే బిందె ఇంట్లోనే ఉండిపోతుంది, అవ్వ ముఖం చిన్నబోతుంది. చెప్పకపోతే? రేష్మీ వైపు చూసింది. చెల్లెలు మాత్రం బిందెనే చూస్తోంది.

"నాకు పెట్టకు అవ్వా. ఇవాళ లితియా డబ్బాలో చేప తిన్నాను. అందులో చేపుందని తెలీదు. అడగలేదు కూడా."

తోముతున్న చెయ్యి ఆగింది.

"ఎవరైనా చూశారా?"

"లితియా ఒక్కతే."

"మరి నాకెందుకు చెప్పావు?"

"రేష్మీ తిన్నప్పుడు నేనే కదా వచ్చి చెప్పింది. నాది దాచుకుంటే ఎలా?" ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

అవ్వ చెంగుతో దాని ముక్కు తుడిచింది.

"సరేలే. నా వ్రతం నాకుందిగా, నేనే మోస్తాను."

"నీ మోకాళ్ళో?"

"మెల్లగా నడుస్తాను. మీరిద్దరూ చెరోపక్కా ఉండి పాదాల మీద పసుపునీళ్ళు పోయండి. కాళ్ళు కాలాయో, మీ చెవులు మెలేస్తాను."

మర్నాడు తారు రోడ్డు పెనంలా ఉంది. రెండు వైపులా చెరకు తోటలు, ముందు మేళాలు, నెమలీకల కావళ్ళు. పసుపు చీరలో అవ్వ నెత్తిన బిందెతో అడుగులో అడుగు వేస్తోంది. అక్కాచెల్లెళ్ళు నీళ్ళ డబ్బాలు పట్టుకుని పక్కనే నడుస్తున్నారు.

ఒక గేటు దగ్గర పార్వతి అత్త పిల్లలిద్దర్నీ ఆపింది. ఊరందరి సంగతులూ ఆవిడకే కావాలి.

"ఏమే రేష్మీ, కేకు తిన్న దొంగవి నువ్వే కదూ? మీ అక్కని కూడా చెడగొట్టావా ఏమిటి, బిందె మీ అవ్వ మోస్తోంది?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. రేష్మీ తల వాలిపోయింది.

షల్వీని చెల్లెలి ముందుకొచ్చి నిలబడింది.

"దాని తప్పేం లేదత్తా. నేనే అడక్కుండా స్నేహితురాలి డబ్బాలో చేప తిన్నాను. అందుకే అవ్వ మోస్తోంది."

నవ్వులు ఆగిపోయాయి. నెత్తిన బిందె ఉంది కాబట్టి, రెండడుగులు ముందున్న అవ్వ వెనక్కి తిరగలేదు. గొంతు మాత్రం గట్టిగానే వినిపించింది.

"విన్నావా పార్వతీ? అది నా మనవరాలు. వచ్చే ఏడు ఈ బిందె దానిదే."

షల్వీనికి గర్వంతో గుండె ఉప్పొంగింది. అయినా ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"నువ్వు కుడికాలికి పొయ్యి, నేను ఎడమకాలికి పోస్తాను," అంది చెల్లెలితో. ఇద్దరూ వంగి అవ్వ పాదాల మీద నీళ్ళు పోశారు.