లోపల ఒకరు ఎక్కువ

కొత్త కంప్యూటరు కొనుక్కోండి బాబూ అని ఒక కంపెనీ వాళ్ళతో మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను. వింటేగా! ఆ కంప్యూటరు చేసే పని ఒక్కటే. ఆ కంపెనీ భవనం నేలమాళిగలో పాత దస్తావేజులు దాచే గది ఉంది, దాని ఇనుప తలుపుని కాపలా కాస్తుంది. దాన్ని బిగించింది మా అన్నయ్య. తలుపు తీగలన్నీ వచ్చి చేరే కార్డు పాత రకం పొడవాటి స్లాటులోనే పడుతుంది, ఇప్పటి మదర్‌బోర్డుల్లో ఆ స్లాటే లేదు. అందుకని అచ్చం అలాంటి పాత బోర్డు కోసం రెండు నెలలు పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పట్టాను. దొరికాక, ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాను.

గది బయట బల్ల వేసుకుని కూర్చునే గుమాస్తాగారు నన్ను చూడగానే లేచారు. రిటైరవడానికి రెండేళ్ళుంది, ఆ రెండేళ్ళకి సరిపడా మాటలు రోజూ మాట్లాడతారు.

“వచ్చారా మేడం! ఇవాళైనా దీని పిచ్చి కుదర్చండి. మీకు తెలుసుగా, ఎప్పుడూ ఒకటి ఎక్కువే చూపిస్తుంది. లోపల ఎవరూ లేకపోతే ఒకటి అంటుంది, ఒకరుంటే రెండంటుంది. మేం ఒకటి తీసేసి లెక్కేసుకుంటున్నాం.”

ఆ తలుపు పద్ధతి కాస్త చెప్పాలి. లోపలికి వెళ్ళేటప్పుడు నంబరున్న గుర్తింపు కార్డు చూపించాలి, వచ్చేటప్పుడూ చూపించాలి. ఎంతమంది వెళ్తే అంతమందీ చూపించాకే గడియ వదులుతుంది. ఒకరిని లోపల వదిలేసి ఇంకొకరు బయటపడటానికి వీల్లేదు, అన్నయ్య అంత పట్టుగా పెట్టాడు. కంప్యూటరు లోపల ఉంటుంది. బయట గోడకి ఒక చిన్న తెర, దాని మీద లోపల ఎంతమంది ఉన్నారో ఒక అంకె, పక్కనే ఎర్ర బొత్తం. ఆ బొత్తం నొక్కితే లోపల ఎవరూ లేరని కంప్యూటరుకి చెప్పినట్టు. అంకె సున్నా అవుతుంది, గడియ అర నిమిషం వదిలి మళ్ళీ పడుతుంది. ఆ తర్వాత లోపల లైట్లూ, గాలి ఫ్యానూ ఆగిపోతాయి.

“ఎప్పుడూ ఒకటి ఎక్కువుంటే సాయంత్రం బయటికెలా వస్తున్నారు మరి?” అన్నాను, తెలిసే.

“అందరం కార్డులు చూపిస్తాం, బయటున్న వాళ్ళు బొత్తం నొక్కుతారు. సున్నా అయినట్టే అయి, కాసేపటికి మళ్ళీ ఒకటికొస్తుంది. అలా చేయమని అప్పట్లో ఫోన్లో చెప్పింది మీరే కదా మేడం!” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. అన్నయ్య ఈ తలుపు ఏదో మొరాయిస్తోందని చూడటానికి వచ్చాడు. నేను మా కంప్యూటరు రిపేరు కొట్లో ఉన్నాను. సాయంత్రం ఈ గుమాస్తాగారే ఫోన్ చేశారు. లోపల ఒకటి అని చూపిస్తోంది, పిలిస్తే ఎవరూ పలకట్లేదు, ఏం చేయమంటారు అని. అప్పుడు నా ముందు ముగ్గురు గిరాకీలు నిలబడి ఉన్నారు. విసుగ్గా, “పాత మెషిన్ లెండి, లెక్క తప్పుంటుంది, నొక్కెయ్యండి” అన్నాను. అన్నయ్య ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడు గది తెరిచి మూలమూలలా వెతికారు. మనిషి లేడు, సంచీ లేదు. పెళ్ళాన్ని వదిలేసి ఎటో పోయాడని ఊరంతా తీర్మానించింది. నేనూ తలూపాను. వదిన, నేను ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ ఫోను సంగతి ఆవిడకి ఈ రోజుకీ చెప్పలేదు.

అందుకే ఈసారి ఒక పని చేశాను. కొత్త డిస్కు తీసుకుని, ప్రోగ్రాం మొదటి నుంచి కొట్లోనే ఎక్కించాను. పాత లెక్క ఒక్కటి కూడా అందులోకి రానివ్వలేదు. పైగా అంకె పక్కన కార్డు నంబరు కూడా కనబడేలా మార్చాను. లెక్క సరిగ్గా వస్తే మెషిన్‌దే తప్పని తేలిపోతుంది, నా గుండె మీద బరువు దిగిపోతుంది. నాకు కావలసింది అదే.

“నిన్న పురుగుల మందు కొట్టారు మేడం. ఫ్యాన్ లేకుండా తలుపేసుకుని కూర్చోకండి, తల తిరిగి పడిపోతారు,” అన్నారు గుమాస్తాగారు, నా చేతికి నలభై ఒకటో నంబరు కార్డు ఇస్తూ.

“తలుపు తీసే పెట్టుకుంటాలెండి,” అన్నాను.

తలుపు దానంతటదే మూసుకునే రకం. బోర్డు వచ్చిన అట్టపెట్టెని అడ్డం పెట్టాను. కంప్యూటరు ఆపగానే లైట్లు పోయాయి, ఫ్యాను ఆగింది. వరండా వెలుతురు ఒక చారలా నేల మీద పడుతోంది. నుదుటికి లైటు కట్టుకుని క్యాబినెట్ విప్పాను. వేలెడు మందాన దుమ్ము. పాత కాగితాల వాసన, దాని మీద మందు ఘాటు. పట్టీ కేబుళ్ళు లాగి, తలుపు తీగల కార్డు తీసి, ఆరు స్క్రూలు విప్పి సీసా మూతలో వేసి, పాత బోర్డు బయటికి తీశాను. కొత్త బోర్డు మీద ప్రాసెసర్ కూర్చోబెట్టి, పేస్టు రాసి, దాని ఫ్యాను బిగించాను. ర్యామ్ రెండు చివర్లా టక్కుమని పడింది. కొత్త సెల్ వేశాను.

ఇక అన్నయ్య నేర్పిన పద్ధతి. బోర్డుని క్యాబినెట్లో బిగించే ముందు దాని అట్టపెట్టె మీద పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడాలి. ఇరవై ఏళ్ళుగా చేతికి అలవాటైన పని, కళ్ళు మూసుకుని చేస్తాను. చెయ్యి చాపి అట్టపెట్టె లాక్కున్నాను.

వెనక తలుపు మెత్తగా మూసుకుంది. గడియ పడిన చప్పుడు మాత్రం గది మొత్తం వినబడింది.

నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. బయట గుమాస్తాగారి బల్ల మీదికి కలిసే గోడ ఫోను అందుకున్నాను.

“అయ్యో మేడం! కంప్యూటరు ఆగి ఉంటే ఇటు నుంచి కూడా రాదు తలుపు. తాళం చెవి హెడ్డాఫీసులో ఉంది. తెప్పించేసరికి మూడు గంటలు...”

“మూడు గంటలా? నేనుంటానా అప్పటిదాకా!”

“మీరే త్వరగా బిగించేయండి మేడం. ఎక్కువ మాట్లాడకండి, గాలి పీల్చకండి.”

గాలి పీల్చకుండా బోర్డు బిగించడం ఎలాగో ఆయనే చెప్పాలి. చీర కొంగు ముక్కుకి చుట్టుకున్నాను. తలుపు తీగలు క్యాబినెట్‌కే బిగించి ఉన్నాయి, జానెడు కూడా ఇవతలికి రావు. అట్టపెట్టె మీద పరీక్షలు కుదరవు, నేరుగా బిగించాల్సిందే. బోర్డు ఎత్తి లోపలికి దించాను. కళ్ళు మండుతున్నాయి. మొదటి స్క్రూ మూతలోంచి తీశాను...

టక్. టక్.

స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద రెండుసార్లు కొట్టిన చప్పుడు. పని మొదలుపెట్టే ముందు అన్నయ్య అలా కొట్టేవాడు. ఎందుకురా అంటే, లోపల బల్లులుంటే పోతాయి అనేవాడు. నా స్క్రూడ్రైవర్ నా చేతిలోనే ఉంది.

“ఎవరు?” అన్నాను. లైటు బీరువాల మధ్యకి తిప్పాను. కట్టలు, కట్టలు, కట్టలు. మళ్ళీ క్యాబినెట్ వైపు తిరిగాను.

అప్పుడు, చెవి పక్కనే...

“లెక్కపెట్టావా, చిట్టీ?”

నన్ను చిట్టీ అని పిలిచే మనిషి ఒక్కడే. నేను పని నేర్చుకునే రోజుల్లో, ప్రతి బోర్డు దించేటప్పుడూ వెనక నిలబడి అదే అడిగేవాడు. బోర్డుకి ఎన్ని రంధ్రాలో అడుగు రేకుకి అన్నే ఇత్తడి కాళ్ళుండాలి. ఒకటి ఎక్కువుంటే అది బోర్డు వీపుకి తగిలి, ఆన్ చేయగానే కాలిపోతుంది. ఈ బోర్డు పాతదానికి జోడే, లెక్కపెట్టాల్సిన అవసరం లేదనుకున్నాను.

బోర్డు ఎత్తాను. లెక్కపెట్టాను. రంధ్రాలు ఆరు. ఇత్తడి కాళ్ళు... ఏడు.

ఏడోది మధ్యలో ఉంది. పాత బోర్డు కింద అది ఉంటే ఆ బోర్డు ఒక్క రోజు కూడా పనిచేసేది కాదు. ఇందాక లేదు. విప్పి తీశాను. చేతికి వెచ్చగా తగిలింది.

ఆలోచించడానికి టైము లేదు. ఆరు స్క్రూలు, కొత్త డిస్కు, కేబుళ్ళు, స్లాటులో తలుపు కార్డు, ముందు బొత్తాల తీగలు. ఆన్ చేశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఒకే ఒక్క చిన్న బీప్. ప్రాణం లేచొచ్చింది.

సెటప్ తెర వచ్చింది. తేదీ సరిచేశాను, డిస్కు గుర్తుపట్టించాను, సేవ్ చేసి బయటికొచ్చాను. పైన ఫ్యాను దగ్గినట్టు చప్పుడు చేసింది కానీ ఇంకా తిరగలేదు. ప్రోగ్రాం పూర్తిగా మొదలైతేనే తిరుగుతుంది. మొదటిసారి కాబట్టి అది ఒక ప్రశ్న అడిగింది. ఇప్పుడు లోపల ఎంతమంది?

ఒకటి అని కొట్టి, నా కార్డు చూపించాను.

తెర మీద వచ్చింది. లోపల: 2. కింద కార్డు నంబర్లు. నలభై ఒకటి. దాని కింద, ఒకటి.

ఒకటో నంబరు కార్డు అన్నయ్యది. తలుపు బిగించిన రోజు తన కోసం చేసుకున్న మొదటి కార్డు. ఆ నంబరు ఈ డిస్కులో నేను ఎక్కించనే లేదు.

బయటికి వెళ్ళే చోట నా కార్డు చూపించాను. నలభై ఒకటి చెరిగిపోయింది. గడియ వదల్లేదు. తెర మీద ఒకే మాట. ఇంకొకరు చూపించాలి.

ఫ్యాను తిరగట్లేదు. గోడ ఫోను మోగింది.

“మేడం, ఇక్కడ అంకె వచ్చింది! ఒకటి అంటోంది, పక్కన కార్డు నంబరూ ఒకటే. అంటే మామూలేగా... ఎప్పటిలా నొక్కెయ్యనా?”

నా వెనక ఎవరో చాలా నెమ్మదిగా ఊపిరి తీసుకున్నారు. మందు వాసనలోంచి టంకం వాసన వచ్చింది, అన్నయ్య చొక్కాల వాసన.

“నేనూ వస్తానే... కార్డు దొరకట్లేదు. కాస్త ఆగు.”

ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి చూడాలి. మా అన్నయ్య వాడు. నన్ను ఇందాక కాపాడింది వాడే. కార్డు వెతకడానికి సాయం చేయాలి, ఇద్దరం కలిసి బయటికి రావాలి. అవన్నీ తెలుసు నాకు. కానీ ఊపిరి అందట్లేదు.

“మేడం? ఉన్నారా? నొక్కనా?”

“నొక్కండి,” అన్నాను. “లోపల ఎవరూ లేరు.”

గడియ వదిలింది. తలుపు తోసుకుని వరండాలో బోర్లా పడ్డాను. అర నిమిషం తర్వాత వెనక గడియ మళ్ళీ పడింది. ఆ తర్వాత, లోపల నుంచి, కార్డు చూపిస్తే వచ్చే టిక్కుమనే చప్పుడు ఒక్కసారి వినిపించింది.

గుమాస్తాగారికి వినబడలేదు. ఆయన తెర వైపే చూస్తున్నారు. “అద్భుతం మేడం! సున్నా! పద్నాలుగేళ్ళలో మొదటిసారి, సున్నా దగ్గర నిలబడింది!”

నలభై ఒకటో కార్డు ఆయన బల్ల మీద పడేసి వచ్చేశాను. ఇంటి దగ్గర వదిన తలుపు తీసి, “ఏంటమ్మా, మొహాన నెత్తురు చుక్క లేదు?” అంది. పని ఎక్కువైందన్నాను. రాత్రంతా ఆవిడ పక్కనే పడుకున్నాను, చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు.

మర్నాడు కొట్టు తెరిచాను. మూసి ఉన్న తలుపు చూస్తే దడగా ఉంది. అందుకని ఆ మదర్‌బోర్డు అట్టపెట్టెని తలుపుకి అడ్డం పెట్టి, వీధి కనబడేలా కూర్చుని పని చేసుకున్నాను. సాయంత్రం ఆరవుతుండగా గుమాస్తాగారి ఫోను.

“మేడం, మీ చేతిలో ఏదో ఉంది. పొద్దుటి నుంచి లెక్క తప్పితే ఒట్టు. కాకపోతే ఇప్పుడు అందరం బయటికొచ్చేశాక మళ్ళీ ఒకటి చూపించింది. నంబరు కూడా వచ్చింది, నలభై ఒకటి. మీరు నిన్న ఇచ్చేసిన కార్డే, నా సొరుగులోనే ఉంది, ఇదిగో చూస్తున్నా. తమాషాగా లేదూ?”

“నొక్కకండి... ఆ బొత్తం ముట్టుకోకండి.”

“అయ్యో, అదేంటి మేడం? ఎప్పుడూ చేసేదేగా. నొక్కేశాకే మీకు ఫోన్ చేశాను.”

తల మీద ఫ్యాను నెమ్మదించింది. ఆగింది. ఎక్కడి నుంచో పురుగుల మందు వాసన. వీధి చప్పుడు ఉన్నట్టుండి తగ్గింది. తలెత్తి చూస్తే కొట్టు తలుపు మూసి ఉంది.

అడ్డం పెట్టిన అట్టపెట్టె నా ఒళ్ళో ఉంది. నేను కుర్చీలోంచి లేవనే లేదు.