నాపరాళ్ల బడి

మధ్యాహ్నం బడి గంట కొట్టారు. గంటంటే గంట కాదు, దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అది ఖంగున మోగగానే హసీనా మూతి ముడిచింది. తను ఇదివరకు చదివిన పేట బడిలో నిజం గంట ఉందని నూరోసారి చెప్పింది.

పక్కనున్న పిచ్చమ్మకు ఇది కొత్త కాదు. నెల రోజులుగా వింటున్నదే కదా.

హసీనా తండ్రి నూర్ మొహమ్మద్ దర్జీ. నరసరావుపేట నుంచి మాచర్లకు కాపురం మార్చి, కూతుర్ని ఇక్కడి బోర్డు మిడిల్ స్కూల్లో ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో చేర్చాడు. ఆనాటి నుంచీ ఆ పిల్లకు రెండు బడులనూ పోల్చడమే పని. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఈమెకు పాత ఊరి పుల్లకూర రుచి. అక్కడ బల్లలూ, నోటు పుస్తకాలూ ఉన్నాయి. ఇక్కడ, ఈ చిన్న ఊళ్లో, ప్రపంచ యుద్ధం మూలాన కాగితం దొరకడమే గగనం. నేల మీద నాపరాళ్లు పరిచారు. ఒక్కొక్కరికి ఒక్కో రాయి, దాని మీదే సుద్దముక్కతో లెక్కలు. శనివారం ఆ రాళ్లు కడగాలి. హసీనా ఒక్కనాడూ చీపురు పట్టలేదు. పైగా బడికి 'నేలబడి' అని పేరు పెట్టింది.

పోరు పడలేక తండ్రి దిగివచ్చాడు. ఈ శనివారం రైలుకు తీసుకెళ్లి, పేటలో మేనత్త ఇంట్లో ఉంచుతానన్నాడు. ఇంక రెండు రోజులే.

ఆ పూట ఏలియా మాస్టారు భిన్నాలు చెప్పారు. అరకు మూడో వంతు కలపమన్నారు. హసీనా పైవి పైవి, కిందివి కిందివి కలిపి, ఐదింట రెండు వంతులని రాసింది. పేటలో అయితే వెనక బల్లలో తల వంచుకుంటే సరిపోయేది. ఇక్కడ దాక్కునే చోటే లేదు. మాస్టారు ఆమె రాయి దగ్గర గొంతుక్కూర్చున్నారు.

"సగం రొట్టె నీ చేతిలో ఉందమ్మా. నేనింకో ముక్క ఇచ్చా. నీ రొట్టె పెరగాలా, తగ్గాలా?"

ఐదింట రెండంటే సగం కన్నా తక్కువ. హసీనాకు నవ్వొచ్చింది. మాస్టారు రాతి మీద రొట్టె గీసి ఆరు ముక్కలు చేశారు. సగమంటే మూడు, మూడో వంతంటే రెండు, కలిపితే ఐదు. ఆరింట ఐదు! ఏడాదిగా బుర్రకెక్కనిది ఇంత తేలికా అనుకుంది. మాస్టారికి దణ్ణం పెట్టాలనిపించింది.

సంతోషం పట్టలేక ఆ లెక్క పిచ్చమ్మకు చూపించింది.

పిచ్చమ్మ ఆ రాతిని అరచేత్తో నిమిరింది. "ఈ రాళ్లు మా నాయన గనిలో తీసినయ్యే. మూడు రోజులు కూలికి పోకుండా ఈడ పరిచిండు. నువ్వు నేలబడి అన్నప్పుడల్లా నాకు చానా కష్టంగా ఉంటది."

హసీనాకు సిగ్గుతో మొహం వేడెక్కింది.

శనివారం నూర్ మొహమ్మద్ పెట్టె మోసుకుని బడికి వచ్చాడు. హసీనా పావడా ఎగదోపుకుని, పిచ్చమ్మ రాయిని చీపురుతో రుద్దుతోంది. తన రాయి అప్పటికే తళతళలాడుతోంది.

"ఏందమ్మా ఇది, రైలుకు టైమయింది" అన్నాడు తండ్రి.

హసీనా తల ఎత్తింది. "పేటలో బల్లలు బాగుంటయ్ నాయనా. కానీ నాకు లెక్కలు రావని ఆడ ఎవరికీ తెలవదు. ఈడ మాస్టారికి తెలుసు."

తండ్రి పెట్టె ఒక పక్కన పెట్టి, నీళ్లు తేవడానికి బిందె అందుకున్నాడు.